ఎత్తిన చెయ్యి

అక్కా,

నా భుజం ఎలా ఉందని అడిగావు. బాగైంది. వ్యాయామం చేయించే అమ్మాయి నాలుగు నెలలుగా గోడమీద పెన్సిల్ గీతలు పెడుతూ, "ఇంకొక్క వేలెడు, అంతే" అని నా చెయ్యి పైకి పాకించింది. నొప్పి తగ్గేకొద్దీ నాకు భయం పెరిగింది. చెయ్యి లేస్తే మళ్ళీ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ పెద్ద రోలర్ దగ్గరికే పంపుతారు. నా చెయ్యి లోపలికి లాక్కున్నది అదే.

నిన్న డాక్టరు, "ఎంతవరకు లేస్తుందమ్మా?" అన్నాడు. సగంలో ఆపేద్దామనుకున్నాను. పక్కన ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. పూర్తిగా ఎత్తేశాను. ఆమె చప్పట్లు కొట్టింది. నేను చెయ్యి మెల్లగా దించేశాను.

సోమవారం పనిలోకి రమ్మన్నారు. వేరే పని ఇమ్మని అడగడానికి ఒంటరిగా నాకు నోరు పెగలదు. గేటు దాకా నాతో రావూ?

నీ చెల్లి