తనను తానే పట్టుకున్న కాపలాదారు

బావగారికి,

ఈ ఉదయం పదింటికి ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది. ఈమెయిల్ పోదు, మీరు ఫోన్ ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం.

నెట్‌వర్క్ కాపలాకు నా స్థానంలో మీరు పెట్టిన ఏఐ భాషా మోడల్‌కు, "అనుమానం వస్తే అడక్కుండా ఆపెయ్" అని చెప్పింది మీరే. ఏదో యంత్రం, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లన్నింటికీ ఆజ్ఞలిస్తోందని అది కనిపెట్టింది. దాన్నీ, దాని మాట విన్న స్విచ్‌లనూ ఆపేసింది. ఆ యంత్రం తనే. ఆగేముందు "ముప్పు తొలగింది" అని మీకు అభినందనలు కూడా పంపింది.

అక్క ఫోన్ చేసి, "మీ బావ పరువు పోతోందిరా, కాస్త చూడు" అంది. "నిన్ననేగా అక్కా, నన్ను పీకేశాడు" అన్నాను.

స్విచ్‌లను ఒక్కొక్కటిగా చేత్తో మళ్లీ ఆన్ చేయాలి. మధ్యలో లేవకపోతే ఐదింటికి పూర్తవుతుంది. ఐదింటికే తాళాలు అప్పగించి వెళ్లమన్నారు. నాలుగింటికి నా వీడ్కోలు సభ, ప్రసంగం మీది. ఎంతసేపు పొగుడుతారో మీ ఇష్టం.

మీ బావమరిది