ఇరవై మూడో స్పానరు

ఇండూరు,
ధర్మపురి జిల్లా,
11-8-1986.

మద్రాసులోని విమాన ఇంజనీర్ల లైసెన్సు పరీక్షాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నన్ను సుత్తితో కొట్టిన సూపర్‌వైజరు సుబ్బరాయన్ లైసెన్సు రద్దు చేసి, ఆయన దగ్గరున్న నా లాగ్ బుక్ ఇప్పించి, వచ్చే నెల పరీక్షకు నన్ను అనుమతించుట గురించి.

తమరు నెల్లూరు వారని విని తెలుగులో వ్రాస్తున్నాను. ఇంగ్లీషులో నా కోపం సరిగా రాదు.

1. నేను ఇండూరు రైతు వెంకటప్ప కొడుకును. బెంగుళూరు దగ్గర ఒక ప్రైవేటు విమానాల షెడ్డులో నాలుగేళ్లుగా మరమ్మతు పని నేర్చుకుంటున్నాను. నేను చేసిన ప్రతి పనికీ లాగ్ బుక్‌లో సుబ్బరాయన్ సంతకం ఉంటేనే నాకు పరీక్ష. ఆయనదీ ధర్మపురే, ఇంట్లో తెలుగే. "కంటితో చూడందానికి సంతకం పెట్టేది పాపంరా" అని నేర్పింది ఆయనే.

2. జూలై 22న ఇంజను మూత బిగించే ముందు పనిముట్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు స్పానర్లకు ఇరవై రెండే ఉన్నాయి. ఒకటి లోపల ఉండిపోతే మనుషులు చస్తారు. లెక్క సరిపోయిందని కాగితం మీద సంతకం పెట్టనన్నాను.

"లోపల ఏమీ లేదురా, నేను చూసినాను. పెట్రా సంతకం!" అన్నాడు సుబ్బరాయన్.

"నీ చేతిలోనుంచే పడింది. దాస్తా ఉండావు" అన్నాను.

3. సుత్తితో నా నెత్తిన కొట్టాడు. ఏడు కుట్లు. నెత్తురు కళ్లలోకి కారుతుండగానే ఇనుపకడ్డీ అందుకొని ఆయన కుడిచేయి విరగ్గొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విని సంతోషించానని దాచకుండా మనవి చేసుకుంటున్నాను. ఇంజను మొత్తం విప్పినా స్పానరు దొరకలేదు. ఆయనే మాయం చేశాడని పనిలోంచి తీసేశారు. నన్నూ పంపేశారు.

4. గత ఆదివారం ధర్మపురి బస్టాండులో "నా అన్నం తీసేసినావు కదరా" అంటూ ఎడమచేత్తో నా గొంతు పట్టుకున్నాడు. కట్టు కట్టిన చేతినే మెలిపెట్టాను. కిందపడ్డాక మొహం మీద తన్నాను. రెండు పళ్లు ఊడాయి. కండక్టరు లాగకపోతే చంపేసేవాణ్ని. మా మామ అంజప్ప కొడవలి నూరి కూర్చున్నాడు. తమ జవాబు వచ్చేదాకా ఆగమన్నాను.

5. నామీద అనుమానం వద్దు. మోటారు బాగుచేయడానికి బావిలోకి దిగితే, స్పానరు నీళ్లలో పడకుండా దారంతో నడుముకు కట్టుకునే ఇల్లు మాది. పనిముట్టు పారేసుకోవడం మా వంశంలోనే లేదు.

కావున నా నాలుగేళ్ల కష్టం బూడిదపాలు కాకుండా తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెం. నంజప్ప

తా.క.: కవరు అంటించబోతుండగా అమ్మ పిలిచింది. ఆసుపత్రిలో మూటకట్టి ఇచ్చిన నా నెత్తుటి పనిబట్టలు ఇవాళే ఉతకడానికి విప్పింది. "నంజా, ఏమిరా ఇది? నడుంపట్టీకి దారం కట్టి లోపలికి దోపినావు. బండకేస్తే ఖంగుమనె" అంది.

స్పానరు. ఇంజను మీదికి వంగేటప్పుడు అలవాటుగా కట్టుకున్నట్టున్నాను. ఇంజనంతా వెదికించాను, నా నడుము తడుముకోలేదు.

అయ్యా, నా ఏడు కుట్లకు ఫిర్యాదు లేదు. విషయంలో సుబ్బరాయన్ పేరున్న చోట నా పేరు చదువుకొని, నాకింకా రాని లైసెన్సును రద్దు చేయవలెను. ఆయన ఉద్యోగం ఆయనకు ఇప్పించవలెను. మామ చేతిలో కొడవలి లాక్కున్నాను. స్పానరును దారంతో సహా ఇందులోనే పంపుతున్నాను.

దీన్ని నా కంటితో చూశాను. సంతకం పెడుతున్నాను.

నంజప్ప