బావ చదివిన దారి

మద్రాసు,
4-11-1984

ప్రియమైన అక్కకు,

తమ్ముడు తాతబాబు నమస్కారాలు. కారు బాగుంది, నేనే బాగోలేను. మొన్నటి కార్ల ర్యాలీలో రెండో స్థానం వచ్చింది. పేపర్లో ఫొటో వేశారు. అందులో నా మొహం కంటే బురదే ఎక్కువ కనిపిస్తోంది. వచ్చే నెల మన విశాఖ ర్యాలీ గెలిస్తే టైర్ల కంపెనీవాళ్లు నన్ను జీతానికి పెట్టుకుంటామన్నారు. పదేళ్లుగా ఎదురుచూసిన మాట ఇది.

ఇంకో సంగతి, నవ్వకు. ఇప్పుడు బావ సీట్లో కూర్చుని నాకు దారి చదివేది సెల్వం అనే అరవాయన. తెలుగు ముక్క రాదు, అంతా ఇంగ్లీషే. అయినా హెల్మెట్ స్పీకర్లో, అతని మాటల మధ్య, బావ గొంతు వినిపిస్తోంది. ఒకటే మాట, "ఏటి" అని. పోయిన ఏడాది పద్మనాభం ఊరి దారిలో కారు ఏట్లో పడి బావ పోయాడే, పడేముందు కూడా అలాగే అడిగాడు. "ఏటీ లేదు బావా, నువ్వు సదువు" అన్నాను. అంతే, మలుపు వచ్చేసింది. దాని సంగతి ఆయన చదవనేలేదని విచారణలో చెప్పాను.

ఇప్పుడూ "ఏటీ లేదు" అంటే గొంతు ఆగుతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది. నాకు భయంగా ఉందక్కా.

ఈసారీ అదే దారి. బావ మలుపులన్నీ రాసుకుని నాకు చదివిన పుస్తకం నీ దగ్గరుంది కదా, పంపు.

నీ తమ్ముడు,
తాతబాబు

దువ్వాడ,
15-11-1984

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. పుస్తకం పంపను. ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదు. ఇక్కడ ఎవరెదురైనా "మీ ఆయన కార్లో కునుకు తీశాడటమ్మా" అనేవారే. నీ మాట నమ్మి తల దించుకున్నాను. నీ ఉత్తరం చదివాక పుస్తకం తెరిచాను.

మీ బావ ఏనాడైనా "ఏటి" అని అడగడం విన్నావా? ఆయన సామర్లకోట మనిషి. పదకొండేళ్ల కాపురంలో "ఏంటి" అన్నారే గాని మన మాట ఆయన నోట పలకలేదు. "మీ ఆయన ఏంటి, ఏంటి అంతాడేటే" అని సన్యాసమ్మ పిన్ని ఎంత ఏడిపించేది!

కారు పడిన ఆ మలుపుకి పెన్సిల్‌తో ఏం రాసుకున్నారో చూడు: "ఏటి మలుపు. ఆపు."

ఆయన నిన్ను అడగలేదురా. చదవడం మొదలుపెట్టారు. నువ్వే అడ్డుపడ్డావు. పైగా నోరులేనివాడి మీద నింద వేశావు. నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి కార్డు చాలదు. ఈసారి ఆ గొంతు వస్తే నోరు మూసుకో. ఆయన్ని పూర్తిగా చెప్పనీ.

నీ అక్క,
భ్రమరాంబ

ఆటోనగర్, విశాఖ,
17-12-1984

ప్రియమైన అక్కకు,

ఇక్కడికీ దువ్వాడకీ ఎంత దూరం గనక! కానీ నీ గుమ్మం ఎక్కే మొహం లేక ఉత్తరం రాస్తున్నాను.

ఆఖరి రోజు పొద్దున అందరికంటే ముందున్నాం. ఏటి మలుపు దగ్గర నెమ్మదించాను. అక్కడ ఏమీ వినపడలేదు. దాటి రెండు మైళ్లు పోయాక, తిన్నటి రోడ్డు మీద వచ్చింది, "ఏటి" అని.

జవాబు నాలుక మీదికి వచ్చేసింది. పళ్లతో కొరికి ఆపాను.

"ఏటి మలుపు. ఆపు."

తొందరలేని గొంతు, బావదే. ఆపేశాను. రెండువైపులా వరిచేలే. ఏరు లేదు, మలుపు లేదు. సెల్వం హెల్మెట్ తీసి వెనక సీటు వైపు చూశాడు. "ఇంకో మనిషి ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు. వెనక కార్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటిపోయాయి. బండి కదపమని అతనూ అనలేదు, నేనూ కదపలేదు.

టైర్లవాళ్ల ఉద్యోగం పోయింది. విచారణ చేసినవాళ్లకి రాసిచ్చాను: మా బావ శ్రీరామ్మూర్తి దారి సరిగ్గానే చదివాడు, విననిది నేను, అబద్ధం చెప్పిందీ నేనే అని. నకలు దీంతో పంపుతున్నాను. అడిగినవాళ్లందరికీ చూపించు.

ఆ గొంతు ఉన్నన్నాళ్లూ పోతే చాలని మొక్కుకున్నాను. ఇప్పుడు షెడ్డులో ఇంజను ఆపి, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటున్నాను. బావా, బావా అని పిలుస్తున్నాను. పలకడం లేదక్కా.

నీ తమ్ముడు,
తాతబాబు