మేడమీద తలుపు కింద సందు

అమ్మలూ,

పాలు కాచి మూతపెట్టాను, వేడిచేసుకుని తాగు. నేను మీ ఆయన్ని తోడు తీసుకుని ఎముకల స్కాన్ చేయించుకోడానికి వెళ్తున్నాను. అతన్ని తిట్టకు, నిన్ను లేపొద్దన్నది నేనే.

అక్కడ నరంలోకి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. ఎముకల్లో తేడా ఉన్నచోట అది ఎక్కువగా చేరి, ఫొటోలో కనిపిస్తుందట. ఆ తర్వాత రేపటిదాకా గర్భిణులకీ పసిపిల్లలకీ దూరంగా ఉండమన్నారు. మన ఇంట్లో ఆ ఇద్దరూ నువ్వే. అందుకని రాగానే నేరుగా మేడమీద గదిలోకి పోతాను. నువ్వు మెట్లెక్కకు, అన్నం మీ ఆయన తెస్తాడు.

నడుంనొప్పి అని నీకు చెప్పింది సగమే. పోయినేడు తీసేసిన గడ్డ ఎముకలకి పాకిందేమోనని డాక్టరు అనుమానం. నిన్న "ఏదో దాస్తున్నావు నాన్నా" అని అలిగి, తినకుండా పడుకున్నావు. నాకూ ముద్ద దిగలేదు. ఫలితం ఏదైనా ముందు నీకే చెబుతాను. ఇక దాచను.

మీ అమ్మకి ఇదే స్కాన్ చేసిననాడు నీకు నాలుగేళ్ళు. ఆవిడ ఉన్న ఆ మేడగది తలుపు తియ్యమని ఏడ్చి ఏడ్చి, చివరికి నువ్వు కొరికిన బిస్కట్‌ని తలుపు కిందినుంచి లోపలికి తోశావు. ఆవిడ దుమ్ము దులుపుకుని తినేసింది. "ఆస్పత్రి మందులన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు" అంది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు మన మధ్య తిరిగింది.

నాన్న

మరిచాను, మేడమీద తలుపు కింద సందు బాగానే ఉంది, ఇప్పుడే చూసొచ్చాను. బిస్కట్లు మీ ఆయన చేత తోయించు. ఒకటి మాత్రం నువ్వు కొరికి పంపు.