చెవి వైపు తిరిగిన సాక్సు

ఫిబ్రవరి 2, సోమవారం

మూఢం. పెళ్లిళ్లు లేవు, మేళం లేదు. ఇంట్లో కూర్చొని క్లారినెట్ తుడిచిందే తుడవడం. ఊదితే శబ్దం కొసనుంచి నేలకు పోతుంది. నా దాకా రాదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది సగం. ఇన్నేళ్లు డ్రమ్ముల పక్కన నిలబడితే మరేమవుతుంది అన్నాడు నెల్లూరు డాక్టరు. మిషను పెట్టుకోమన్నాడు. చెవిలో మిషను పెట్టుకొని వాయించేవాణ్ని పెళ్లికి ఎవడు పిలుస్తాడు? ఎవరికీ చెప్పలేదు. నా భార్య రమణమ్మకు కూడా. ఇక్కడే రాస్తున్నాను.

ఫిబ్రవరి 3

కార్తీకంలో సీతారామపురం పెళ్లి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెళ్లికూతురు పీటల మీదికి వస్తుంటే నేనెక్కడో తప్పు స్వరం పట్టుకొని వేలాడుతున్నాను. మేళం పెద్ద శీనయ్య మోచేత్తో పొడిచాక గానీ తెలియలేదు.

"ఏందన్నా, శ్రుతి ఏడికో పోతా ఉండాది. ఏసుకోని వచ్చినావా?"

అవునన్నాను! జన్మలో చుక్క ముట్టనివాణ్ని. తాగాడంటే తిట్టి వదిలేస్తారు. చెవుడంటే... ఛీ, ఏం బతుకు.

ఫిబ్రవరి 5

ఆత్మకూరు వెళ్లాను. చర్చిలో వాయించే దేవదాసు తన సాక్సు, అదే సాక్సోఫోన్, చేతికిచ్చాడు. పెద్దది, ఆల్టో. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది కదా — ఊదితే నా ఊపిరి నా చెవిలోకే వచ్చింది! ఎన్నాళ్లయింది నన్ను నేను విని... కానీ ఆల్టో శ్రుతి వేరు. పాటలన్నీ మళ్లీ మొదటినుంచి కుదుర్చుకోవాలి. ఈ వయసులోనా? పైగా మేళంలో ఆల్టోకు మనిషి ఉన్నాడు.

"సొప్రానో తీసుకో అన్నా, నీ క్లారినెట్ శ్రుతే గదా" అన్నాడు.

సొప్రానో అంటే చిన్న సాక్సు. అందులో నిటారుది ఒకటి, వంపుది ఒకటి. నిటారుదాని నోరు మళ్లీ నేలకే. వంపుదైతే నా వైపు.

ఫిబ్రవరి 6

వంపుది కొంటానని శీనయ్యకు చెప్పాను. నవ్వాడు. "ఆ వంకరదా? పిలకాయలు ఆడుకునే బొమ్మ మాదిరుంటాదే! నిటారుది తీసుకో. చవక, శ్రుతి కూడా బాగా నిలుస్తాదంట."

అతని మాటలో తప్పేం లేదు. అందుకే ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది. నిటారుది చాచి పట్టుకుంటే మెడ లాగుతుందన్నాను.

ఫిబ్రవరి 7

మెడకు రాసుకోమని శీనయ్య బామ్ పంపించాడు. రమణమ్మ ఆముదం కాచింది, రోజూ పట్టిస్తుందట. ఖర్మ.

ఫిబ్రవరి 10

నెల్లూరు. కొట్లో వంపువి రెండే రెండు. ఒకటి కొత్తది, పేరూ ఊరూ లేనిది, తళతళలాడుతోంది. నొక్కితే మీటలు మెత్తగా వంగుతున్నాయి. కింది స్వరాలు గుడగుడ. పైస్వరాలకు ఫోన్‌లో శ్రుతి చూపే సూది ఒకటే గంతులు.

రెండోది ఎవరో వాడి వదిలిన పాతది. పూతంతా లేచిపోయింది. గాలి కారుతుందేమోనని రంధ్రాల మూతల కింద పలచని కాగితం పెట్టి లాగి చూశాను. గట్టిగానే పట్టుకుంటున్నాయి, ఒక్కచోట తప్ప. అది మార్చి ఇస్తానన్నాడు కొట్టాయన. ధర దాదాపు ఒకటే, రెండూ నాకు అందేవే. "పెండ్లోళ్లు మెరిసేదే చూస్తారు సామీ" అని మాత్రం అన్నాడు. నిజమే. వీడియోలో కొత్తదే బాగుంటుంది. శీనయ్యకూ అదే నచ్చుతుంది.

కళ్లు మూసుకొని పాతదాన్ని ఊదాను. కిందినుంచి పైదాకా ప్రతి స్వరమూ వినపడింది. ఏడుపొచ్చింది. కొట్టాయన అటు తిరిగి ఏవో సర్దుకున్నాడు. పాతదే తెచ్చుకున్నాను.

ఫిబ్రవరి 11

రోజంతా వాయించాను. పక్కింటివాళ్లు తలుపేసుకున్నారు. వేసుకోనీ.

ఫిబ్రవరి 13

దొరికిపోయాను.

రమణమ్మ వెనక కూర్చొని మెడకు ఆముదం రాస్తోంది. కొయ్య గరిటెలు చెక్కే చేతులు — ఎముకలు కదిలిపోతాయి. ఉన్నట్టుండి చేతులు ఆగాయి. లేచొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను చస్తే ఇంకోదాన్ని తెచ్చుకుంటావా అని అడిగినాను. ఊ అన్నావు."

నేను ఆముదం గిన్నె పక్కకు జరిపాను.

"ఇల్లు అంటుకున్నాది లెయ్యమన్నాను. దానికీ ఊ అంటివి. మెడ కాదు గదా? చెవి గదా?"

తలూపాను. ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. "తాగినానని చెప్పుకుంటావా, సిగ్గు లేకుండా! ఆ పెళ్లి కాణ్ణించి ఊరంతా నన్ను చూసి అయ్యో పాపం అంటా ఉండారు!"

శీనయ్యకు చెప్పెయ్ అంటుంది. మూఢం పోగానే వచ్చే ఒక్క పెళ్లి కానీ, చెప్తానన్నాను. "నువ్వే చెప్పాల. నేను చెప్పను" అని లేచిపోయింది.

ఫిబ్రవరి 17

మూఢం పోయింది. ఎల్లుండి అనంతసాగరంలో పెళ్లి. భయంగా ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

మొదట్లో అంతా బాగుంది. సాక్సు చూసి శీనయ్య మూతి విరిచాడు గానీ, రెండు పాటలయ్యాక తల పంకించాడు. ఒక్క స్వరం పక్కకు పోలేదు. తలంబ్రాలప్పుడు కళ్లు మూసుకున్నాను. నా చెవి నిండా నేనే. ఎన్నేళ్ల తర్వాతో ఇలా! పల్లవి తిప్పాను, మళ్లీ తిప్పాను...

కళ్లు తెరిస్తే ఎవరూ వాయించడం లేదు. డోలు మీద చేతులు ఊరికే ఉన్నాయి. పెళ్లి చేయించే అయ్యవారు మైకు పట్టుకొని నా వైపు చూస్తున్నాడు. పందిరి మొత్తం నా వైపే చూస్తోంది. శీనయ్య ఎప్పుడు చెయ్యెత్తి ఆపాడో, ఎన్నిసార్లు పిలిచాడో! నా శబ్దంతోనే చెవి నిండిపోయి, వాళ్ల శబ్దం పోయిందని తెలియలేదు. ఇది నేను అనుకోలేదు. కొనేటప్పుడు ఒక్కసారి కూడా అనుకోలేదు.

పెళ్లికూతురి తరఫువాళ్లు చప్పట్లు కొట్టారు, కావాలనే ఒంటరిగా వాయించాననుకొని.

వ్యాన్ ఎక్కేముందు శీనయ్య వచ్చి భుజం మీద చెయ్యేశాడు. జనరేటర్ పక్కనే నిలబడి ఏదో చాలాసేపు చెప్పాడు. మధ్యలో నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక్క ముక్క వినపడలేదు.

ఫిబ్రవరి 20

రేపు ఆత్మకూరులో పెళ్లి. నన్ను రమ్మన్నాడా, ఇక చాలన్నాడా?

ఫోన్ చేసి అడగొచ్చు. నిన్ననే చెప్పినాను గదన్నా, అంటాడు. అప్పుడు ఎందుకు వినపడలేదో చెప్పాలి.

రమణమ్మ వాకిట్లో గరిటెలు చెక్కుతూ నన్నే చూస్తోంది. ఫోన్ చేతిలోనే ఉంది...