మా చుక్క ఎర్రబడితే

మే 13, మంగళవారం

టెస్సా వచ్చి వెళ్ళింది. తోట కొసన వేలాడే పురుగుల ఎరబుట్టలోంచి జిగురు అట్ట లాగి చూసి, ఖాళీయే పెద్దమ్మా, అంది. ఖాళీ అంటే మంచిదేగా అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఇన్ని వెచ్చటి సాయంత్రాలు గడిచాక కూడా ఖాళీగా ఉండడం తనకు నచ్చడం లేదట.

యూనివర్సిటీలో ఆమె పని, ఆపిల్ పురుగు ఎక్కడ ఎప్పుడు లేస్తుందో ముందే లెక్కగట్టి మ్యాప్ వేయడం. మా గుట్ట మీద అన్ని తోటలకన్నా ముందు లేచేది మా దక్షిణపు వాలులోనే. మా బుట్టలో మొదటి రెక్కల పురుగు పడితే మ్యాప్‌లో మా తోట పచ్చచుక్క ఎర్రబడుతుంది, ఆమె లెక్క మొదలవుతుంది. అక్కడినుంచి ఏ రోజు వేడి ఆ రోజు కూడుకుంటూ పోతే గుడ్లు ఎప్పుడు పగులుతాయో తెలుస్తుంది. సరిగ్గా ఆ వేళకు అందరూ మందు కొడతారు. పిల్ల పురుగు పిందెలోకి దూరిందంటే ఇక ఏ మందూ దాన్ని అందుకోలేదు.

స్టవ్ ఆపానో లేదో మళ్ళీ వెళ్ళి చూశాను. ఆపే ఉంది.

మే 15, ఉదయం ఆరు

లోర్న్‌ను చూశాను. నా కొడుకే. బుట్ట దగ్గర నిలబడి అట్ట మీద చాకు మొనతో ఏదో గీకుతున్నాడు. గీకినదాన్ని కింద పడేసి బూటుతో తొక్కాడు. ఏంట్రా అది అని అరవబోయి ఆగిపోయాను. బీపీ మాత్ర వేసుకున్నానా?

మే 16

ఈ ఉదయం కూడా.

మే 18, ఆదివారం

చర్చి అయ్యాక హాల్లో కాఫీ, డోనట్లు. పక్క తోట గోర్డీ వచ్చి లోర్న్ వీపు మీద ఒక్కటి చరిచాడు. ఏంట్రా, ఈ ఏడు మీ ఇంటి పురుగులకి ఇంకా పెళ్ళి కుదరలేదా అన్నాడు. అందరూ నవ్వారు. లోర్న్ కూడా నవ్వాడు గానీ చెవులు కందిపోయాయి. పోయినేడు మ్యాప్‌లో అందరికన్నా ముందు ఎర్రబడింది మా చుక్కే. ఇక ఏడాదంతా అందరి నోటా మాది పురుగుల కొంప. పళ్ళు కొనే మనిషి కూడా ఫోన్‌లో ఆ చుక్క చూపించి, మీవి ఆఖర్న చూద్దాంలే అన్నాడు.

గోర్డీ భార్య పోయాక అతనికి ఆ తోట తప్ప ఏమీ లేదు. మ్యాప్ పచ్చగా ఉందిగా ఆడెలిన్, నేను హాయిగా నిద్రపోతున్నా, మందు డ్రమ్ము మూత కూడా తీయలేదు అన్నాడు నాతో. సగం డోనట్ కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను.

మే 19

లోర్న్‌ను అడిగేశాను. వాడు సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ముందు బుకాయించాడు. తర్వాత, ఒక్క వారం అమ్మా, ఇంకెవడి చుక్కయినా ముందు ఎర్రబడనీ, ఆ తర్వాత మనది అయితే అవనీ, ఈలోగా కొంపలేం మునగవు అన్నాడు. మునిగేది గోర్డీ కొంపరా అన్నాను. నీకెప్పుడూ భయమే, మంచు బరువుకి ఇల్లు కూలిపోతుందన్నావు, కూలిందా అని తలుపు ధడాల్న వేసి పోయాడు.

నిజమే. నేను భయపడ్డవాటిలో సగం జరగలేదు. కానీ వాళ్ళ నాన్న ట్రాక్టర్ గురించి కూడా భయపడ్డాను.

మే 20, టెస్సా రాకముందు

వంటగది కిటికీ జాలీ మీద బూడిద రంగు రెక్కల పురుగు ఒకటి వాలి ఉంది. రెండు వేళ్ళతో పట్టుకుని తోట కొసదాకా నడిచాను. అట్టకు అంటించి వచ్చాను. కొడుకును పట్టివ్వకుండానే గండం గడుస్తుంది. దేవుడా, ఈ వయసులో నాకిదేం పని.

మే 20, సాయంత్రం

గడవలేదు. టెస్సా అట్టను ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. ఇది మనం వెతికేది కాదు పెద్దమ్మా, రెక్క చివర రాగిరంగు మచ్చ లేదు అంది. బుట్టలో పెట్టే ఆడపురుగు వాసనకు ఇది రానే రాదట. రెక్కల పొడి ఎవరి వేళ్ళకో రాలిపోయిందని నా చేతులకేసి చూసింది. నా బొటనవేలు ఇంకా బూడిదగానే ఉంది. తర్వాత జిగురు మీది గీతలు చూపించింది. ఇవి మాత్రం మీవి కావు కదా అంది.

ఆ పిల్ల అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఎవరో నాకు చెప్పొద్దు పెద్దమ్మా, ఎప్పటినుంచో ఒక్కటి చెప్పండి, నా మ్యాప్ నమ్మి గుట్ట మీద అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు అంది.

నేను చూసింది గురువారం, అంతకుముందు సంగతి తెలియదు అన్నాను. లోర్న్ ట్రాక్టర్ పక్కన నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. ఆ పిల్ల చెయ్యి ఊపింది. వాడు ఊపలేదు.

మే 21

లోర్న్ భోజనానికి రాలేదు. బంగాళాదుంపలు రెండుసార్లు వేడిచేశాను.

మే 22

లోర్న్ టెస్సాకు ఫోన్ చేశాడు. తలుపు వెనక నిలబడి విన్నాను. పదో తారీఖు శనివారం, రెండు పడ్డాయి, అన్నాడు. అవతల ఏమందో తెలియదు. అవునండీ, నేనే, అని పెట్టేశాడు.

నా పక్కనుంచే వెళ్ళాడు. నేను అక్కడ లేనట్టు.

మే 23

మా చుక్క ఎర్రబడింది. దాని చుట్టూ ఉన్నవన్నీ కూడా. ఉదయం నుంచి ఫోన్ మోగుతూనే ఉంది, నేను ఎత్తలేదు.

జూన్ 2

మందు కొట్టాల్సిన రోజు. వాన. ఇప్పుడు కొడితే కడుక్కుపోతుంది.

జూన్ 3

వాన. గోర్డీ ట్రక్‌లో వచ్చి గేటు బయటే ఆపాడు. లోపలికి రాలేదు. అద్దం దించి, గుడ్లు గొడుగు పట్టుకుని కూర్చోవు కదరా లోర్నూ అన్నాడట. తిట్టినా బాగుండేదట. ఈ సంగతి లోర్న్ చెప్పింది కుక్కకు. నేను విన్నాను.

జూన్ 4

తెరిపి ఇచ్చింది. తెల్లారకముందే గుట్టంతా యంత్రాల మోత. మావాడు ముందు గోర్డీ తోటకు పోయాడు, ఆ తర్వాతే మా తోటకు కొట్టాడు. కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నాను. మందు అందిందో, పురుగు అప్పటికే లోపలికి దూరిపోయిందో. బయటికి చూస్తే అన్ని పిందెలూ ఒకలాగే ఉన్నాయి.

జూన్ 29

లోర్న్ గోర్డీ తోటనుంచి ఒక ఆపిల్ పిందె తెచ్చాడు. నా ముందు బల్ల మీద పెట్టి నిలువునా కోశాడు. గింజలు తెల్లగా ఉన్నాయి. పురుగు లేదు. చూశావా అమ్మా, అన్నాడు. నెల దాటాక నాతో అన్న మొదటి మాట.

ఒక్కటే కోశాడు.