బయల్దేరినవాళ్ళని అడగకూడదు

భావనపాడు,
ఏప్రిల్ 20, 2017

చిరంజీవి గోవింద్‌కి అమ్మ దీవెనలు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? గంగులు మావ దగ్గు ఎలా ఉంది, వేడినీళ్ళు తాగుతున్నాడా? జ్వరమన్నావు, మీ బోటు డ్రైవరు లేచాడా? వేరావల్‌లో గాలి ఎక్కువగా ఉందని విన్నాను, నాకు నిద్ర పట్టడం లేదు. ఇక్కడ నేను, చెల్లి దేవి బాగున్నాం. ఫోనులో చెప్పవచ్చు గాని, ఉన్న ఒక్క గదిలో దేవి వింటుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు రెండు అడిగావు. బ్యాంకు పరీక్షలకని కొన్న కంప్యూటరు మీద చెల్లి ఏం చేస్తోందని ఒకటి, నువ్వు అమ్మెయ్యమన్నట్టు దాన్ని కొట్టు నారాయణమూర్తికి ఇచ్చేశానా అని రెండోది.

పొద్దున్న చదువుతుంది. సాయంత్రం విమానాల ఆట ఆడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని బొమ్మ విమానాలు నడుపుతారు. నేల మీద ఏ విమానం ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో మన దేవి మైకులో చెబుతుంది. వాళ్ళ పెద్ద ఇమ్మానుయేలు అని, చీపురుపల్లిలో రైల్వే ఉద్యోగి. భార్యాబిడ్డలున్నవాడు. నేను ఆరా తీశాను.

ఒకనాడు బయల్దేరే ప్రతి విమానాన్నీ ఎక్కడికి ఎక్కడికి అని ఇది అడుగుతుంటే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చాను.

"బయల్దేరినోల్ని ఎక్కడికని అడుగుతావేటే? మీ నాన్న పడవెక్కితే ఎవులైనా అడిగీవోరా?" అన్నాను.

"బొమ్మలే అమ్మా, మునిగిపోవు" అని నవ్వింది. నవ్వింది గాని, మర్నాటి నుంచి దానికీ అడగడానికి నోరు రాలేదు. సముద్రం మీద బతికిన ఇంటి పిల్ల కదా. అడక్కుండానే దారులిచ్చింది. ఎవరు ఎటో తెలియక ఒకే సన్నదారిలో రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. విమానం వెనక్కి నడవదట. వాటి వెనక మిగతావన్నీ ఇరుక్కున్నాయి. అందరూ తిట్టారు. ఇమ్మానుయేలు దీన్ని కొన్నాళ్ళు పక్కన కూర్చోమన్నాడు. ఎందుకు అడగలేదో ఇది చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాబోలు.

ఆ రోజుల్లో ఆటా లేదు, పుస్తకమూ లేదు. గోడవైపు తిరిగి పడుకునేది. పిల్లకేమవుతుందోనని నాకు ముద్ద దిగేది కాదు.

తర్వాత తనే లేచి ఒక పద్ధతి ఆలోచించింది. మనవాళ్ళు ముందురోజు సాయంత్రమే ఇసకలో వలలు బాగుచేసుకుంటూ, రేపు నేను ఇటు పోతాను, నువ్వు అటు అని చెప్పుకుంటారు కదా. తెల్లారి పడవ తోసేటప్పుడు ఎవరూ ఎవరినీ అడగరు. అలాగే విమానం నిలబడ్డ చోట ఉండగానే, ఇంజను వెయ్యకముందే, ఎక్కడికి పోయేదీ నడిపేవాడే రాసి పెట్టాలి. రాయనివాడికి దారి లేదు. కదిలినవాణ్ణి అడిగే పని లేదు. ఇమ్మానుయేలు ఒప్పుకుని, బాగా రద్దీగా ఉండే ఆదివారం దీన్నే కూర్చోబెట్టి చూశాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. ఇప్పుడు అక్కడ అందరికీ అదే రూలు.

ఇక రెండోది. చెప్పడానికి భయపడి ఇంతసేపు ఏదో రాశాను. నారాయణమూర్తి ఆటో తీసుకుని వచ్చాడు. దేవి నీళ్ళకి వెళ్ళింది. కంప్యూటరు ఇవ్వనని చెప్పి పంపేశాను.

"మీ అబ్బాయే ఇమ్మన్నాడు కదమ్మా" అన్నాడు.

"ఆడొచ్చి ఇస్తాడు. నా సేత్తో నేను ఇవ్వను" అన్నాను.

నీ మాట దాటాను. కోపం వస్తుందని తెలుసు. ఆ పిల్ల మళ్ళీ గోడవైపు తిరిగితే చూసే ఓపిక నాకు లేదు. పరీక్ష నెగ్గుతుందో లేదో నాకు తెలియదు, దానికీ బెంగే. నువ్వు మాత్రం ఎవరిచేతా కబురు పెట్టకు. వచ్చి, అది మైకు పెట్టుకుని చెబుతుంటే ఒక సాయంత్రం పక్కన కూర్చో. విన్నాక కూడా తీసెయ్యాలనిపిస్తే, దాని ఎదురుగా నువ్వే తియ్యి. నేను అడ్డురాను.

బోట్లు ఆగగానే రైలెక్కుతానన్నావు. బుధవారాలు మైకులో చెప్పడం దాని వంతు. ఆ రోజు చీకటి పడకముందే ఇంట్లో ఉండేలా, మే పదో తేదీకి రా.

ఇట్లు,
అందాకా ఏదో ఒక దిగులు పెట్టుకునే
మీ అమ్మ